మోదుగకు కట్టిన గంటలు

మా ఊరు రాయికల్‌కూ కోరుట్లకూ నడుమ ఉంటది. ఊరికి ఉత్తరాన ఒక గుట్ట. గొర్లున్న ఐదిండ్లోళ్ళం ఆ గుట్టనే నమ్ముకొని బతికినం. నేను కాపురానికి వచ్చిన కొత్తల గుట్ట నిండ గడ్డి ఉండె. నా బిడ్డ పెండ్లి నాటికి ఎర్రటి రాళ్ళు, తుమ్మముండ్లు, ఏ గొర్రె మూతి పెట్టని వయ్యారిభామ మిగిలినయి. వాన పడితే నీళ్ళు ఎర్రగ ఉరికి ఒర్రెల పడేటివి. మంద పొద్దంత తిరిగి వచ్చినా డొక్కలు లోపలికే ఉండేటివి.

గొర్లు ఎక్కువైనయని కొందరు, వానలు తక్కువైనయని కొందరు అనుకునేది. మా ఇంటాయన రాజమల్లు ఏమీ అనలే. ఒకనాడు నన్ను వెంట తోలుకపోయి చర్చోళ్ళ సమాధుల గోడ కాడ నిలబెట్టిండు. గోడకు ఇవతల గులకరాళ్ళు. అవతల, సమాధుల నడుమ, నడుము లోతు గడ్డి.

"అదే మన్ను, అదే వాన," అన్నడు. "గోడ అవతలికి మన గొర్ల మూతి పోలే. గంతే."

ఆ ఏడే గుట్టను కాళ్ళతోటి నడిచి నాలుగు భాగాలు చేసిండు. ఏటా ఒక భాగం మూయాలె. మొదటి వాన పడ్డనాడు కంప అడ్డం వేస్తే, గడ్డి పెరిగి, కంకి పట్టి, గింజ నేలరాలేదాక ఒక్క గొర్రె లోపలికి పోవద్దు. మిగిలిన మూడు భాగాల మీద మంద వారానికొక తావు మారాలె. దసరా తెల్లారి మూసింది తెరవాలె. అట్ల నాలుగేండ్లు తిరిగితే గుట్టంత ఒకసారి విత్తనం పడ్డట్టు.

ఐదిండ్లోళ్ళు మొదట నవ్విండ్రు. "రాజమల్లుకు గొర్లు కాసుడు చాతగాక గడ్డిని కాస్తుండు" అన్నరు. మాలో పెద్దమనిషి సాయన్న మాత్రం ఒక్క మాట అడిగిండు: "ఎవడన్న తప్పితే ఎట్ల?"

మా ఇంటాయన మా మంద ముందు నడిచే నల్లపొట్టేలు మెడ నుంచి గంట ఇప్పి, గుట్ట మొదట్ల ఉన్న మోదుగ చెట్టుకు కట్టిండు. "మూసినన్ని దినాలు అందరి గంటలు ఈడనే ఉంటయి. తెరిచిననాడే మళ్ళ మెడకు కడుదాం. తప్పినోని గంట చెట్టుకే ఉంటది. వాని మంద ఇగ గుట్ట ఎక్కది."

సాయన్న లేచి తన గంట తెచ్చి కట్టిండు. సాయంత్రానికి మోదుగకు ఐదు గంటలైనయి.

గొర్లకు తెలివి లేదంటరు. రెండేండ్లల్ల మా గొర్లకు అంత తెలిసిపోయింది. గంట మెడకు పడ్డదంటే కొత్తగడ్డి తెరిచినట్టే. దసరా తెల్లారి గంట కట్టంగనే నల్లపొట్టేలు ఎవరూ తోలకుండనే మోదుగ దిక్కు ఉరికేది, మందంత దాని ఎనుక. కాని ఆయన ఆనాడు ముందుగాల దొడ్డిలనే ఎండుగడ్డి వేసి కడుపులు సగం నింపేది. మంచు ఆరినంకనే పోనిచ్చేది. అదీ జరసేపే. ఆకలి మీదున్న గొర్రె లేతగడ్డి మీద పడి మెక్కితే చిటుకు రోగం వస్తది. బాగున్న గొర్రెనే ఉన్నకాడ ఎగిరిపడి, కాళ్ళు కొట్టుకొని, మనం దగ్గరికి పోయేలోపు సచ్చిపోతది.

రెండు భాగాలకు గడ్డి పట్టింది. మూడోది మూసే ముందు, ఎండకాలంల ఆయన కండ్లు మూసిండు. దవాఖానల మంచం మీద కూడ నాలుగో భాగం ముచ్చటనే చెప్పిండు. నాలుగోది బోడిది, మన్ను కన్న రాయెక్కువ. "ఆ బోడిదానికి ఒక్కసారి గింజ రాలితే చాలు కొమురవ్వా. ఇగ గుట్ట తనంతట తాను బతుకుతది."

ఐదిండ్లోళ్ళు కావలి నాకే అప్పజెప్పిండ్రు. "నువ్వే ముయ్యి, నువ్వే తెరువు" అన్నడు సాయన్న. అన్నదమ్ములది మొదటి నుంచి ఒక్కటే మంద; అందుల నా ఇరువై గొర్లను మా మరిది భీమయ్య తన అరువైతోటి కలిపి కాసేది. నేను గుట్ట కాసేది.

మూడో భాగం గడిచింది. నాలుగోదాన్ని మూసిననాడు అక్కడి పెద్దరాయి మీద సున్నంతోటి "లోపల మంద వద్దు" అని రాసిన. యాభై దాటినంక, మా ఊరి బడి సారు చంద్రమౌళి పగటిపూట మా ఆడోళ్ళను కూసోబెట్టి నేర్పిన అక్షరాలు అవి. భీమయ్య వచ్చి నడుము మీద చేతులు పెట్టుకొని చూసిండు.

"ఏంది వదినె, గొర్లకు చదువొచ్చా?"

"గొర్లకు కాదు మర్ది, నీకు."

"నాకూ రాదాయె. నేనూ గొర్రెనే అయితి." ఆయన నవ్విండు. "నీ గడ్డికి పెట్టిన కావలి మా అన్నకు పెట్టి ఉంటే ఇంకో పదేండ్లు బతుకుతుండె."

అది సకల జనుల సమ్మె ఏడు. బస్సులు లేవు. బడులు లేవు. ఊరూరా రోడ్ల మీద వంటలు వండుతున్నరు. బోడిదాని మీద గడ్డి మోకాలు దాటి కంకి పట్టింది. ఒర్రె ఒడ్డుకైతే ఆ వారం పడ్డ వానకు లేతగడ్డి పచ్చగ లేచింది. దసరా ఇంకా పదిరోజులుంది. గింజ ఇంకా పాలు పోసుకుంటున్నది. నాకు రోజూ పొద్దున పోయి ఒక కంకి నలిపి చూసుడే పని.

ఒకనాడు చంద్రమౌళి సారు భీమయ్యను వెంటేసుకొని గుట్ట కాడికి వచ్చిండు.

"కొమురవ్వా, ఎల్లుండి కోరుట్ల పెద్దరోడ్డు మీద రాస్తారోకో. గౌండ్లోళ్ళు తాడెక్కే మోకులు తెస్తున్నరు. పద్మశాలోళ్ళు రాట్నాలు తెస్తున్నరు. మనోళ్ళు మందలతోటి రావాలె."

"రానీ సారు, నేనద్దన్ననా?"

"గంటలు కావాలె. గంటలు లేని మంద రోడ్డు మీదికి వస్తే ఎవరు చూస్తరు? ఐదు మందలు సప్పుడు చేసుకుంట రావాలె."

"దసరా దాక గంటలు చెట్టు దిగయి సారు. అది మా కట్టు."

భీమయ్య మోదుగ మొదట్ల గొంతుక్కూసున్నడు. "ఒక్క పొద్దు వదినె. మాపటికి మళ్ళ కడుదాం. అరువైతొమ్మిదిల జగిత్యాలల లాఠీదెబ్బ తిన్నోడు మా అన్న. ఇయ్యాల ఉంటే ఆయనే గంట పట్టుకొని ముందల నడుస్తుండె గదా?"

ఆ మాట నిజమే. ఆయన ఎడమ భుజం మీద ఆ మచ్చ నేను ముప్పై ఏండ్లు చూసిన. లేచి గంటలు ఇప్పిన. ఐదు ముళ్ళు నా చేతులతోటే ఇప్పిన.

రాస్తారోకో నాడు కోడి కూయంగనే మందలు బయలెల్లినయి. నేను గుట్ట కాడనే ఉన్న. పొద్దు వాలుతుంటే దూరం నుంచి గంట సప్పుడు వినబడ్డది. మిగిలిన నాలుగు మందలు నీళ్ళకు వాగు దిక్కు మళ్ళినయి. భీమయ్య మాత్రం మా మందను దగ్గరి తోవల గుట్ట కిందికెళ్ళి తోలుకొస్తున్నడు. గొర్లు పొద్దంత తారురోడ్డు మీద నిలబడ్డయి. గడ్డిపోచ లేదు. డొక్కలు సంచులోలె ఊగుతున్నయి. కొన్ని నాలుకలు బయటేసి నడుస్తున్నయి.

నల్లపొట్టేలు మోదుగ చెట్టును చూసింది. దాని మెడల గంట ఉన్నది. ఇగ దానికి ఇంకొకరు చెప్పేది లేదు. తల ఎత్తి బోడిదాని దిక్కు ఉరికింది. ఎనుక ఎనభై గొర్లు.

"వదినె, కంప వెయ్యి," భీమయ్య కింది నుంచి ఒర్లుకుంట ఉరుకుతున్నడు. "తోవకు కంప వెయ్యి."

నేను తోవల నిలబడి ఉన్న. కంకి చూసి వచ్చేందుకు పక్కకు జరిపిన కంప నా చేతులనే ఉన్నది. అడ్డం వేసిన కూడ. నల్లపొట్టేలు వచ్చి కంప ముందు ఆగింది. మెడ ఊపింది. గంట మోగింది. ఆకలిగొన్న తల్లిగొర్లు కంప సందుల్లకెళ్ళి మూతులు పెడుతున్నయి.

వానకాలం మొదలైనకాడి నుంచి ఆ గంట సప్పుడు వినలే. మా ఇంటాయన మంద ముందల నడిచి వస్తుంటే ఇంట్ల నుంచి నేను వినేటి సప్పుడు అది. ఎందుకు చేసినవని ఎవరన్న అడిగితే ఇంతకన్న చెప్పరాదు. కంప తీసి పక్కకు పెట్టిన.

భీమయ్య రొప్పుకుంట వచ్చిండు. "ఏం చేసినవ్ వదినె? కట్టు వద్దా? ఖాళీ కడుపులు."

"ఉండనీ మర్ది. మనకోసం పొద్దంత నిలబడ్డయి. జరసేపు తిననీ. నేను చూస్తున్న గదా."

ఆయన కట్టె ఎత్తిండు. ఎత్తి, నా మొఖం చూసి దించిండు. గొర్లన్నీ ఒర్రె ఒడ్డు లేతగడ్డి మీదికి దిగినయి. నేను రాయి మీద కూసొని చూసిన. మళ్ళ మందను మళ్ళించేసరికి పొద్దు గూకింది. గంటలు చెట్టుకు కట్టాలన్న సంగతి ఇద్దరికీ యాదికి లేదు.

తెల్లవారంగ భీమయ్య భార్య మల్లవ్వ మా వాకిట్ల నిలబడ్డది. "అక్కా, లే. గొర్లు పడుతున్నయి."

దొడ్డికి పోయేసరికి పది పడ్డయి. నా కండ్ల ముందు ఒక తల్లిగొర్రె నిలబడ్డకాడ ఒక్కసారి ఎగిరి, పక్కకు పడి, పండ్లు కొరికి, కాళ్ళు చాపింది. దాని పిల్ల పొదుగు కాడికి పోయి మూతి పెట్టింది. భీమయ్య మందకు అడ్డం పడుకుంట ఒక్కొక్కదాన్ని పట్టుకొని నిలబెడుతున్నడు. ఆయన పట్టుకున్నవి కూడ పడుతున్నయి.

చిటుకు రోగానికి రెండో సూది పడాల్సిన నెల అది. పశువుల దవాఖానకు సమ్మె తాళం ఉంది. ఆ తాళం మన కోసమే వేసిండ్రు, వాళ్ళనేమీ అనను. చంద్రమౌళి సారు సైకిల్ మీద పోయి ఒక డాక్టరును ఇంటికాడ పట్టుకొని తోలుకొచ్చిండు. ఆయన వచ్చి చూసి, ఒక్కదాని కడుపు కోయించి, "ఆకలి మీద లేతగడ్డి మీద పడ్డయా?" అని అడిగిండు. భీమయ్య ఇంకో గొర్రెను నిలబెట్టను పోయిండు.

పొద్దెక్కేసరికి యాభై రెండు. నల్లపొట్టేలు ఆఖరున పడ్డది. మెడల గంట అట్లనే ఉంది. భీమయ్య దాని తల ఒళ్ళె పెట్టుకొని గంట ఇప్పిండు. ముడి రాకపోతే పండ్లతోటి కొరికి ఇప్పిండు.

మర్నాడు ఐదిండ్లోళ్ళం మోదుగ కింద కూసున్నం. చంద్రమౌళి సారు కూడ వచ్చి ఒక పక్కకు నిలబడ్డడు. సాయన్న తల ఎత్తకుండ అడిగిండు: "దసరా రాలే. కంప ఎవరు తీసిండ్రు?"

నా నోరు తెరుచుకుంది.

"నేనే తీసిన," అన్నడు భీమయ్య. "వదినె అద్దన్నది. నేను ఇనలే."

సాయన్న నా దిక్కు చూసిండు. భీమయ్య కూడ చూసిండు. ఆయన చూపు నా నోరు మూసింది.

"తప్పు నాది కూడ ఉంది," అన్నడు చంద్రమౌళి సారు. "గంటలు నేను అడిగిన."

"సారూ, మీరు ఊరుకోండ్రి," అన్నడు సాయన్న. "ఇది మా కట్టు. నీ మంద ఇగ గుట్ట ఎక్కది భీమా."

భీమయ్య లేచి నల్లపొట్టేలు గంటను తనే చెట్టుకు కట్టిండు.

ఇంటికి పోయే తోవల నేను ఆయన ముందుకు పోయి నిలబడ్డ. "ఎందుకట్ల చెప్పినవ్ మర్ది? నేను పోయి సాయన్నకు చెప్త."

"చెప్పకు." ఆయన గొంతు చిన్నగుంది. "కావలిదే తప్పిందంటే రేపు ఎవడు ఆగుతడు వదినె? ఐదు మందలు గుట్ట మీద పడుతయి. గింజ రాలక ముందే ఊడ్చుకపోతయి. నేను తప్పిన్నంటే నేనొక్కన్నే పోత. గుట్ట ఉంటది."

"నీకు పిల్లలున్నరు."

"మా అన్న గుట్టకు గీతలు గీస్తుంటే ఎనుక రాళ్ళు మోసినోన్ని నేను. నాకు తెల్వదా?"

నేను ఊరుకున్న. ఇది రాసేది ఆ ఊరుకున్నదాని కోసమే. గుట్ట కోసం ఊరుకున్ననో, నా మొఖం కోసం ఊరుకున్ననో ఈనాటికీ విడదీసి చెప్పలేను.

మందల నా వాటా మిగిలిన ఏడు గొర్లను సాయన్న మందల కలిపిన. భీమయ్య తనవి ఇరువై ఒకటి అమ్మేసిండు. మేపే జాగ లేకపోతే ఏం చేస్తడు. సమ్మె అయిపోయి బస్సులు నడిచిన వారంల ఆలుమగలు పిల్లలతోటి సిరిసిల్లకు పోయిండ్రు. బట్ట నేసే సాంచాల షెడ్డుల నూలు మోసే పని దొరికింది. పోయేటప్పుడు మల్లవ్వ నా చేతులు పట్టుకొని ఏడ్చింది. "నీ మాట ఇనుంటే బతికిపోదుము అక్కా. ఆయనకు ఎప్పుడూ తొందరనే. మనసుల పెట్టుకోకు." నేను ఆమె తల నిమిరిన. నా చెయ్యి నాదే కానట్టు ఉండె.

బోడిదాని మీద గింజ రాలింది. మంద మేసిన ఒర్రె ఒడ్డు తప్ప అంతట రాలింది. ఎవ్వరూ కట్టు తప్పలే. భీమయ్యకు పట్టిన గతి చూసి ఇంకా గట్టిగ నిలబడ్డరు. రెండో వానకాలానికి బోడిదాని రాళ్ళు గడ్డిల మునిగినయి. ఒర్రెల నీళ్ళు తెల్లగ, నెమ్మదిగ పారినయి. ఊరోళ్ళు వచ్చి చూసి, కొమురవ్వ కావలంటే కావలే అన్నరు. ఆ మాట అన్నప్పుడల్ల నేను తల దించుకునేది. సిగ్గుపడుతున్ననని అనుకునేటోళ్ళు.

ఆ ఏడు దసరాకు గంటలు ఇప్పే కాడ నాలుగే ఇప్పిన. ఐదోదాని కాడ చెయ్యి ఆగింది. అందరి ముందు సాయన్నకు చెప్పిన. కంప నేనే తీసిన్నని, భీమయ్య కట్టె ఎత్తి నా మొఖం చూసి దించిండని.

సాయన్న ముసలోడు అయిండు. లేచి వచ్చి ఐదో గంట తనే ఇప్పి నా చేతుల పెట్టిండు. "నువ్వే పో. వాణ్ని తోలుకరా. తలా రెండు పిల్లలిస్తం, మళ్ళ మంద అయితది."

కోరుట్లల బస్సెక్కిన. రుద్రంగి దాటి వేములవాడ మీదికెళ్ళి సిరిసిల్లల దిగేసరికి పగటేల దాటింది. గంటను సంచిల పాతచీర నడుమ చుట్టిన, మోగకుండ. దారి పొడుగున అది చేతికి తగులుతనే ఉంది.

మల్లవ్వ ఒంటి గదిల కూసొని బీడీలు చుడుతున్నది. నన్ను చూసి లేవబోయింది. లేవనీయలే. ముందు చెప్పాల్సింది చెప్పాలె. నిలబడే చెప్పిన. ఆమె తల దించుకొని వింటున్నది. చేతులు ఆగలే. ఒక ఆకు కత్తిరించింది, ఇంకొక ఆకు కత్తిరించింది. చెప్పుడు అయిపోయింది. ఇంకా కత్తిరిస్తనే ఉంది.

"రెండేండ్ల నుంచి ఆయన్ను తిడుతున్న," అన్నది ఆఖరుకు. "అన్నం పెట్టినప్పుడల్ల తిట్టిన. ఒక్కనాడు నోరు తెరువలే."

"తోలుకపోను వచ్చిన మల్లవ్వా. సాయన్న గంట ఇచ్చిండు."

ఆమె నా దిక్కు చూడలే. "షెడ్డు ఆ సందు చివర ఉంది. పోయి చెప్పు. ఇనపడితే చెప్పు."

ఆ మాట కోపంతోటి అన్నదనుకున్న.

షెడ్డు ఇంకా దూరముండంగనే నేల అదిరింది. లోపల సాంచాలు వరుసగ కొట్టుకుంటున్నయి. నా మాట నాకే వినబడలే. భీమయ్య అటు దిక్కు తిరిగి నూలు బస్తా దించుతున్నడు. తలంత దూది నూగు. వయసు పదేండ్లు పెరిగినట్టుంది. నేను ఎనుక నుంచి పోయి సంచిలకెళ్ళి గంట తీసి ఊపిన. తిరగలే. సాంచాల సప్పుడు అనుకున్న. భుజం తట్టి సైగ చేసి బయటికి తీసుకొచ్చిన. సందు దాటి, చాయ హోటలు దాటి, ఒక గోడ నీడకు వచ్చినం. సప్పుడు తగ్గింది. ఆయన మొఖం కడుక్కోను నల్లా కాడ వంగిండు. మళ్ళ గంట ఊపిన. చాయ తాగుతున్నోళ్ళు తిరిగి చూసిండ్రు. గోడ మీది మేక తిరిగి చూసింది. భీమయ్య మొఖం కడుక్కుంటనే ఉన్నడు.

"మర్ది," అన్న. "భీమయ్యా."

తువ్వాలతోటి తుడుచుకొని, నా పెదవులను చూసుకుంట నవ్విండు. "జర గట్టిగ చెప్పు వదినె. సాంచాలు చెవులు తిన్నయి." ఆయన గొంతు బజారంత వినబడేటట్టు ఉంది.

గట్టిగ చెప్పిన. సాయన్నకు చెప్పిన్నని, మల్లవ్వకు చెప్పిన్నని, ఇగ ఇంటికి రమ్మని. గొంతు చీరిపోయేటట్టు చెప్పిన. చాయ హోటలోళ్ళందరికీ నా తప్పు వినబడ్డది. ఆయన మాత్రం ప్రతి మాటకు తల ఊపుకుంట, "అందరు బాగున్నరా? సాయన్న నడుస్తుండా?" అని అడిగిండు. రాసి చూపిద్దామంటే అక్షరాలు నాకొచ్చు, ఆయనకు రావు.

గంట ఆయన చేతుల పెట్టిన. తిప్పి చూసిండు. గుర్తుపట్టిండు. పగ్గం కొస ఆనాడు పండ్లతోటి కొరికిన కాడ ఇంకా నలిగే ఉంది, దాని మీద బొటనవేలు పెట్టి రాసిండు. చెవి కాడికి తీసుకపోయి మెల్లగ ఊపిండు. మళ్ళొకసారి ఊపిండు. తర్వాత నా చేతుల పెట్టి వేళ్ళు మూసిండు.

"చెట్టుకే ఉండనీ వదినె. మంద ఎటు పోయిందో ఇనపడనోడు ఏం గొల్లోడు?"

షెడ్డు దిక్కు చూసిండు. పోవాల్సిన ఏళ అయినట్టుంది. రెండడుగులు వేసి మళ్ళ తిరిగిండు.

"బోడిదానికి పట్టిందా?"

నేను తల ఊపిన.

ఆయన వంగి అరచెయ్యి మోకాలు కాడ పెట్టిండు. "గింత?"

నేను అరచెయ్యి నడుము కాడ పెట్టి చూపించిన. ఆయన మోకాలు కాడ ఉన్న తన చెయ్యిని నెమ్మదిగ పైకి లేపుకుంట నా చెయ్యి ఎత్తుకు తెచ్చి ఆపిండు. ఆ సందుల, దూది నూగు నడుమ, గాలిల ఆ ఎత్తును చూసుకుంట కొంచెంసేపు నిలబడ్డడు. తర్వాత సాంచాల కాడికి పోయిండు.